ఎర్రర్ రాలేదని మ్యాప్ పంపేయకండి

అక్టోబరు వస్తోందంటే ఒడిశా గంజాం జిల్లాలో దసరాతో పాటు తుపానూ గుర్తుకొస్తుంది. 1999 మహా తుపాను, 2013 ఫైలిన్, 2018 తిత్లీ, మూడూ అక్టోబరువే. ఈసారి ఆ కాలం ముంచుకు రాకముందే ఒక హెచ్చరిక చేయాల్సి ఉంది. అది గాలి గురించో వాన గురించో కాదు, వాటిని కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి గురించి. బరంపురం చుట్టుపక్కల కాలేజీల్లో, ఆవల శ్రీకాకుళం, విశాఖల్లో క్లస్టర్ మీద వరద మోడల్, ఉప్పెన మోడల్ నడుపుతున్న మన పిల్లలూ, వాళ్ళ గైడ్‌లూ, ఆ రంగుల మ్యాప్‌లు చూసి ఎవరిని ఎక్కడికి తరలించాలో తేల్చే అధికారులూ దీన్ని వినాలి.

ప్రోగ్రామ్ ఎర్రర్ లేకుండా చివరిదాకా నడిచినంత మాత్రాన జవాబు సరైనదైపోదు. ఒకేసారి నడిచే పదహారో అరవై నాలుగో ప్రాసెస్‌లకు డేటా పంచి పెట్టిన ప్రోగ్రామ్ విషయంలో ఆ నమ్మకం అసలే పనికిరాదు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నామంటే, ఒకప్పుడు ఇలాంటి లెక్కలు వేసే యంత్రాలు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. 2015లో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ మొదలైంది. 2018లో పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అనే సూపర్‌కంప్యూటర్లు వచ్చాయి. 2024 సెప్టెంబరులో వాటి స్థానంలో అర్క, అరుణిక నిలబడ్డాయి. 2025 మేలో ఆరు కిలోమీటర్ల గ్రిడ్‌తో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ పని మొదలుపెట్టింది. అక్కడ కోడ్‌ను పదే పదే పరీక్షించడానికి మనుషులున్నారు. కానీ డబ్ల్యుఆర్‌ఎఫ్ లాంటి వాతావరణ మోడల్‌ను నేడు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. నాలుగు పాత సర్వర్‌లు కలిపి కాలేజీ ల్యాబ్‌లోనే క్లస్టర్ కట్టేయొచ్చు. ప్రాసెస్‌ల మధ్య డేటా ఇచ్చిపుచ్చుకునే ఎంపీఐ కోడ్ రాయడం చేతకాకపోతే చాట్‌బాట్ నిమిషంలో రాసిచ్చేస్తుంది. యంత్రం అందరి చేతికీ వచ్చింది, మంచిదే. పరీక్షించే అలవాటు మాత్రం దాని వెంట రాలేదు.

పురుషోత్తంపూర్‌నే తీసుకుందాం. ఋషికుల్య ఒడ్డు ఊరు. కేంద్ర జల సంఘం ఇక్కడ నది మట్టం కొలుస్తుంది. 16.83 మీటర్లు ఇక్కడి ప్రమాద స్థాయి. కంధమాల్ కొండల్లో పడ్డ వాన ఆస్కా మీదుగా దిగి, ఈ ఊరు దాటి, గంజాం పట్టణం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నదికి ఒక విద్యార్థి వరద మోడల్ రాశాడనుకుందాం. ఇది ఉదాహరణ కోసం కల్పించినది, ఏ కాలేజీనీ ఉద్దేశించింది కాదు. కొండల దిగువ నుంచి సముద్రం దాకా వంద కిలోమీటర్ల నేలను వంద మీటర్ల గళ్ళుగా కోశాడు. తీరానికి సమాంతరంగా వెయ్యి వరుసలు వచ్చాయి. వాటిని 16 ప్రాసెస్‌లకు పంచాలి.

అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే ఇదీ. ఎవరి మడి వారిదే, కానీ నీరు గట్టు దాటి పారాలి. పొలం మొత్తానికి ఒక సర్వే నంబరుంటుంది, ఇంట్లో ఎవరి వాటాను వారు ‘ఒకటో మడి, రెండో మడి’ అని పిలుచుకుంటారు. తగాదాలన్నీ ఈ మూడు చోట్లే పుడతాయి. వాటా కొలతలో, గట్టు దగ్గర, ఇంటి లెక్కకూ ఊరి లెక్కకూ మధ్య. డేటా పంపకంలో వచ్చే తప్పులూ దాదాపు అన్నీ ఇక్కడివే.

మొదటిది వాటా. వెయ్యిని పదహారుతో భాగిస్తే 62 వస్తుంది, శేషం 8. ఒక్కో ప్రాసెస్‌కు 62 వరుసలిచ్చి చేతులు దులుపుకుంటే పంచింది 992. మిగిలిన ఎనిమిది వరుసలు ఎవరికీ చెందలేదు. ఏ ప్రాసెస్సూ నాది తగ్గిందని అడగదు, తన 62 దానికి సరిగ్గానే ఉన్నాయి. జవాబు దాచే మెమరీని ముందే సున్నాలతో నింపి ఉంచడం అందరికీ అలవాటు, కాబట్టి ఆ ఎనిమిది వరుసల్లో నీటి లోతు సున్నా అని వస్తుంది. మ్యాప్ మీద అది ‘క్షేమం’ రంగు. ఆ ఎనిమిది వరుసలు ఎక్కడివి? వరుసలు కొండల నుంచి సముద్రం వైపు లెక్కపెట్టాడు గనక, సముద్రపు అంచు 800 మీటర్లు. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్ళు ఉన్నది సరిగ్గా అక్కడే. ఉప్పెన ముందుగా తాకే ఇళ్ళకు మ్యాప్ అభయమిస్తుంది.

రెండోది గట్టు. ప్రతి ప్రాసెస్ తన వాటా అంచున పక్కవాడి వరుస నకలు ఒకటి ఉంచుకుంటుంది. వీటిని గోస్ట్ సెల్స్ అంటారు, కొందరు హేలో అంటారు. ప్రతి అడుగులోనూ ఆ నకలును తాజా పరచాలి. మన విద్యార్థి నీటి లోతును ఇచ్చిపుచ్చుకునేలా రాశాడు, వేగాన్ని మరిచాడు. రెండు ప్రాసెస్‌ల సరిహద్దు పురుషోత్తంపూర్‌కు కాస్త ఎగువన పడింది. ఇక అక్కడ నదికి అడ్డంగా, భూమ్మీద లేని ఒక కట్ట లేచింది. నీరు ఆస్కా వైపు పోగుపడుతుంది, దిగువన ఊరు పొడిగా కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఫిర్యాదు చేయదు, గ్రాఫ్‌లు నున్నగా వస్తాయి.

ఇలాంటి తప్పును కంటితో పట్టే గుర్తు ఒకటుంది. నది వంకరటింకరగా పోతుంది, గుట్ట దగ్గర ఒంగుతుంది, పొలాల్లో విచ్చుకుంటుంది. పంపకంలో తప్పు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీతగా కనిపిస్తుంది. వరద మ్యాప్‌లో రంగు ఒక సరళరేఖ దగ్గర హఠాత్తుగా మారితే, ఆ రేఖ మీద రోడ్డో రైలుకట్టో కాలువగట్టో ఉందేమో ముందు చూడండి. లేకపోతే అది ప్రాసెస్‌ల సరిహద్దని అనుమానించండి. ప్రాసెస్‌ల సంఖ్య మార్చి మళ్ళీ నడపండి. గీత జరిగిందంటే దొంగ దొరికినట్టే.

ఇలాంటి తప్పు కంటపడకపోతే విద్యార్థి వేసే తర్వాతి అడుగు అన్నిటికంటే ప్రమాదకరమైనది. నిదానంగా చదవమని గైడ్‌లను ప్రత్యేకంగా కోరుతున్నాం. మోడల్ ఇచ్చిన మట్టం పురుషోత్తంపూర్ గేజ్‌లో కొలిచిన మట్టంతో కలవలేదు. విద్యార్థి ఏం చేస్తాడు? కోడ్‌ను అనుమానించడు. నేల గరుకుదనాన్ని చెప్పే మానింగ్ గుణకాన్ని కాస్త జరుపుతాడు. తీరాన సరుగుడు తోటలకు ఒక విలువ, మొగలి పొదలకు ఇంకొకటి, వరిపొలాలకు మరొకటి మార్చి మార్చి చూసి, చివరికి గేజ్ గీతను పట్టుకుంటాడు. దాన్నే కాలిబ్రేషన్ అంటాడు, థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది. నిజానికి జరిగింది వేరు. కోడ్‌లో లేచిన దొంగ కట్టను మొగలి పొదల లెక్కలో దాచేశాడు. కొలిచిన ఆ ఒక్క చోట, ఆ ఒక్క వరదకు జవాబు కుదిరింది. పది కిలోమీటర్ల అవతల, వచ్చే తుపానుకు, కుదరదు. గేజ్‌తో పోలిక మోడల్ భౌతికశాస్త్రానికి పరీక్ష, డేటా పంపకానికి పరీక్ష కాదు. పంపకం సరిగ్గా ఉందని విడిగా తేలాకే కాలిబ్రేషన్ ముట్టుకోవాలి. ఈ వరుస తప్పిన థీసిస్ మీద సంతకం పెట్టకూడదు.

మూడోది, ఇంటి లెక్క, ఊరి లెక్క కలగలిసే తప్పు, ఇంకోలా ఉంటుంది. గేజ్ ఉన్న గడి మొత్తం గ్రిడ్‌లో 700వ వరుస అనుకోండి. వాటాకు 62 వరుసల చొప్పున అది పన్నెండో ప్రాసెస్ దగ్గర ఏదో పద్దెనిమిదో వరుస అవుతుంది. రాసినవాడు సున్నా నుంచి లెక్కపెట్టాడా ఒకటి నుంచా అన్నదాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ. ఒక్క వరుస జరిగితే వంద మీటర్లు. నది నడిమధ్య లోతు బదులు గట్టు మీది లోతు చదువుతారు. ఫోర్ట్రాన్ ఒకటితో మొదలవుతుంది, సీ సున్నాతో. ఫోర్ట్రాన్ నిలువు వరుసల వారీగా మెమరీలో పేరుస్తుంది, సీ అడ్డ వరుసల వారీగా. ఈ రెండు భాషల మధ్య డేటా చేతులు మారినప్పుడు గ్రిడ్ అడ్డం తిరిగిపోవచ్చు. గ్రిడ్ చదరంగా ఉంటే ఏ ఎర్రరూ రాదు, తూర్పు ఉత్తరమవుతుంది, అంతే. అందుకే పరీక్ష గ్రిడ్ ఎప్పుడూ 7 వరుసలు, 11 నిలువులు అన్నట్టు పొంతన లేకుండా ఉండాలి. వంద బై వంద గ్రిడ్‌తో పరీక్షించడం పరీక్షించకపోవడంతో సమానం.

ముక్కలను మళ్ళీ అతికించే చోట ఇంకో గుంట ఉంది. ఒక్కో ప్రాసెస్ తన ఫలితాన్ని తన ఫైల్‌లో రాస్తుంది. పేర్లలో అంకెలు 1, 2, 3 అని పెట్టి, కంప్యూటర్ ఇచ్చిన వరుసలో కలిపేస్తే 1 తర్వాత 10, 11, 12 వచ్చి ఆ తర్వాత 2 వస్తుంది. అక్షర క్రమం అలాగే ఉంటుంది. ఫైళ్ళ వరుసను నమ్ముకుంటే ఏమవుతుందో రసాయన శాస్త్రజ్ఞులు 2019లో చూశారు. అణువుల ఎన్‌ఎమ్‌ఆర్ విలువలు లెక్కించే ఒక పైథాన్ స్క్రిప్ట్‌ను చాలామంది వాడుతూ వచ్చారు. హవాయి విశ్వవిద్యాలయంలో నడిపి చూస్తే అవే ఫైళ్ళకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక జవాబు, ఇంకో దాంట్లో ఇంకో జవాబు. కారణం, ఫైళ్ళు క్రమంలో వస్తాయని స్క్రిప్ట్ రాసినవాళ్ళు అనుకున్నారు, కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాటిని అలా ఇవ్వవు. నూటికి పైగా పరిశోధన పత్రాల మీద సందేహం పడింది. ఆ స్క్రిప్ట్ సమాంతర ప్రోగ్రామ్ కూడా కాదు. అరవై నాలుగు ముక్కలున్న చోట ఎంత జాగ్రత్త ఉండాలో ఆలోచించండి.

ఇన్‌పుట్ ఫైల్‌ను సున్నా ర్యాంక్, అంటే మొదటి ప్రాసెస్, ఒక్కటే చదివి, మిగతా వాటికి పంచడం మరిచిన ప్రోగ్రామ్‌లూ తక్కువేమీ కాదు. అప్పుడు ఒక్క ప్రాసెస్ ఫైల్‌లోని విలువతో, తక్కిన పదిహేనూ కోడ్‌లో రాసి ఉన్న పాత విలువతో నడుస్తాయి. అలాగే గ్రిడ్ పెద్దదైతే వచ్చే చిక్కు ఒకటుంది. ఎంపీఐలో ఒక్క సందేశంలో పంపే సంఖ్యల లెక్క చాలాకాలం 2,147,483,647 దాటడానికి వీల్లేకుండా ఉండేది. యాభై వేలు బై యాభై వేల గ్రిడ్ ఒక్కటే 250 కోట్ల గళ్ళు. 2021లో వచ్చిన ఎంపీఐ 4.0 పెద్ద లెక్కలకు దారి ఇచ్చింది, కానీ పాత కోడ్ తనంతట తాను మారదు.

“అంకెలు కొంచెం మారాయి, రౌండింగ్ వల్ల లెండి సార్” అనేది ల్యాబ్‌లలో ఎక్కువగా వినిపించే సమాధానం. ఇందులో సగం నిజం ఉంది, అదే చిక్కు. దశాంశ సంఖ్యలను కూడే వరుస మారితే కంప్యూటర్‌లో చివరి అంకెలు మారతాయి. నాలుగు ప్రాసెస్‌ల మొత్తం, పదహారు ప్రాసెస్‌ల మొత్తం పదిహేనో అంకెలో తేడా వస్తే భయపడక్కర్లేదు. మూడో అంకెలో తేడా వచ్చిందంటే రౌండింగ్ పేరు ఎత్తడానికి వీల్లేదు. వాతావరణ మోడల్‌లో ఇంకో మెలిక ఉంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ .506127 బదులు .506 కొట్టి మళ్ళీ నడిపితే, కొంతసేపటికి వాతావరణం మొత్తం వేరే దారి పట్టింది. కాబట్టి ఐదు రోజుల తర్వాతి జవాబులు పోల్చి చూసి ఏదీ తేల్చలేం. మొదటి అడుగు తర్వాత, రెండో అడుగు తర్వాత, పదో అడుగు తర్వాత పోల్చండి. రౌండింగ్ అయితే చివరి అంకెల్లో మొదలై మెల్లగా పైకి పాకుతుంది. పంపకంలో తప్పయితే సాధారణంగా తొలి అడుగులోనే, సరిహద్దు పక్కనే, పెద్దగా కనిపిస్తుంది.

2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ కోవిడ్ మోడల్ మీద పెద్ద రభస జరిగింది. కోడ్ బయట పెట్టాక, ఒకే సీడ్ సంఖ్య ఇచ్చి నడిపినా ఎక్కువ కోర్‌ల మీద జవాబులు మారుతున్నాయన్న విమర్శ వచ్చింది. సగటు తీసుకునే మోడల్ కాబట్టి తేడా పట్టించుకోనక్కర్లేదని ఒక వాదన. తర్వాత విడిగా పరీక్షించినవారికి ప్రధాన ఫలితాలు దాదాపు అలాగే వచ్చాయి. కానీ లాక్‌డౌన్‌ల మీద ప్రభావం చూపిన మోడల్ గురించి అలాంటి ప్రశ్న నిర్ణయాలు జరిగిపోయాక రావడం ఏ దేశానికీ మంచిది కాదు. ఛత్రపూర్‌లోని గంజాం జిల్లా కలెక్టరేట్‌లో కూర్చున్నవాళ్ళు ఆ ప్రశ్న ముందే అడగాలి.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ప్రోగ్రామ్‌ను పిల్లలు తిట్టుకుంటారు. మా దృష్టిలో అది నిజాయితీ గలది. రెండు ప్రాసెస్‌లు ఒకదానికొకటి పంపుతూ, ఏదీ అందుకోకుండా కూర్చుంటే డెడ్‌లాక్. చిన్న సందేశాలు మధ్యలో బఫర్‌లో ఇమిడిపోతాయి గనక చిన్న గ్రిడ్‌తో ఇది కనిపించదు, పెద్ద గ్రిడ్‌తో నిలిచిపోతుంది. కనీసం ఏదో తప్పుందని చెప్పింది కదా. ప్రింట్ వాక్యాలు పెట్టి వెతికేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. తెర మీద వచ్చిన వరుస, నిజంగా జరిగిన వరుస ఒకటి కాదు. ప్రింట్ పెట్టగానే వేగం మారి తప్పు మాయమవడమూ ఉంది. మాయమైంది కదా అని ప్రింట్‌ను అలాగే వదిలేసిన కోడ్‌లు లోకంలో నడుస్తూనే ఉన్నాయి, దేవుడే కాపాడాలి.

పరీక్షకు ఖర్చు లేదు, ఒక మధ్యాహ్నం చాలు. నీరూ వానా పక్కన పెట్టి, ప్రతి వరుసలో దాని ఊరి నంబరే, అంటే మొత్తం గ్రిడ్‌లోని నంబరే నింపండి, 1 నుంచి 1000 దాకా. పంచండి. ప్రతి ప్రాసెస్ తన వాటా కూడి, అన్నీ కలిపితే 5,00,500 రావాలి. పైన చెప్పిన ఎనిమిది వరుసలు పోతే 4,92,528 వస్తుంది, తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. కూడేటప్పుడు గోస్ట్ సెల్స్ కలపకండి, కలిపితే సరిహద్దు వరుసలు రెండుసార్లు లెక్కకొస్తాయి. మొత్తం ఒక్కటే చాలదు, రెండు వాటాలు తారుమారైనా మొత్తం మారదు. అందుకని ఏ గడిలో ఏ నంబరుండాలో ప్రతి ప్రాసెస్ సరిచూసుకోవాలి. ఇచ్చిపుచ్చుకునే ముందు గోస్ట్ సెల్స్‌లో సున్నా కాదు, ‘ఇది సంఖ్య కాదు’ అని చెప్పే ఎన్‌ఏఎన్ నింపండి. ఎక్కడ తాజా పరచడం మరిచారో అక్కడి నుంచి అది లెక్కంతా పాకి గోల చేస్తుంది. సున్నా నింపితే నోరు మూసుకుని కూర్చుంటుంది. తర్వాత అసలు మోడల్‌ను 1, 2, 3, 7 ప్రాసెస్‌లతో నడపండి. 2, 4, 8 మాత్రమే పెట్టుకుంటే వెయ్యి సమానంగా తెగి, శేషం మిగిలే తప్పు దాక్కుంటుంది. పడ్డ వాన ఎంత, గ్రిడ్‌లో నిలిచిన నీరు ఎంత, సముద్రంలోకి పోయింది ఎంత, నేలలోకి ఇంకింది ఎంత, ప్రతి గంటకూ జమాఖర్చు రాయండి. తేలకపోతే ఆపండి. ఎర్రే హద్దు దాటితే చెప్పే కంపైలర్ తనిఖీని కనీసం ఒక్కసారైనా తెరిచి నడపండి, వేగం తగ్గుతుందని వెనకాడొద్దు.

అధికారులకు కోడ్ చదవడం రానక్కర్లేదు. ఎవరైనా కంప్యూటర్ మోడల్ మ్యాప్ తెచ్చి బల్ల మీద పెడితే, ఒక్క ప్రాసెస్‌తోనూ ఎక్కువ ప్రాసెస్‌లతోనూ నడిపితే ఒకే జవాబు వచ్చిందా, ఆ రెండు మ్యాప్‌లూ చూపించండి, నీటి జమాఖర్చు కాగితం ఏదీ అని అడగండి. తడబడితే మ్యాప్ వెనక్కిచ్చేయండి. ఇందులో అవమానం ఏమీ లేదు, ఆస్పత్రిలో రక్తపరీక్ష మళ్ళీ చేయించమన్నట్టే తీసుకోవాలి వాళ్ళు.

1999లో ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర గంటకు రెండు వందల కిలోమీటర్లకు మించిన గాలులతో తీరం దాటినా మరణాలు పదుల్లోనే ఆగాయి. ముందే పది లక్షల మందిని తరలించగలిగారు. ఇల్లూ పడవా వలా వదిలి షెల్టర్‌కు నడిచారంటే, వచ్చిన హెచ్చరికను జనం నమ్మారన్నమాట. ఆ నమ్మకం కట్టడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. పరీక్షించని మ్యాప్ ఒకటి వాట్సాప్‌లో తిరిగి, “మన వీధి నీలం రంగులో లేదు, వెళ్ళక్కర్లేదు” అని ఒక్క పల్లె ఆగిపోతే చాలు, ఆ నమ్మకం ఎంత పెళుసో తెలుస్తుంది.

పురుషోత్తంపూర్, ఆస్కా, ఛత్రపూర్, గోపాల్‌పూర్ ప్రజలకు మనవి. తుపాను వేళ భారత వాతావరణ శాఖ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఒడిశా ప్రభుత్వం ఇచ్చే ప్రకటనలనే పాటించండి. ఎవరో పంపిన రంగుల మ్యాప్‌లో మీ ఇల్లు పొడిగా ఉందని ఇంట్లో ఉండిపోకండి. మోడల్ రాసే పిల్లలకూ ఒకే మాట. ఒక్క ప్రాసెస్‌తో వచ్చిన జవాబే ఏడు ప్రాసెస్‌లతోనూ వచ్చేదాకా మీ మ్యాప్ ల్యాబ్ గడప దాటకూడదు. ఆ పరీక్ష అక్టోబరు లోపు, ఈ వారమే చేయండి.